అలవాటు చేసుకోవాల్సింది మొదలుపెట్టడాన్ని

(ప్రసంగ పాఠం, చివర శ్రోతల ప్రశ్నలతో)

అందరికీ నమస్కారం.

రోజుకు ఒక్క శాతం మెరుగుపడితే ఏడాది తిరిగేసరికి 37 రెట్లు అవుతామనే లెక్క మీలో చాలామంది వినే ఉంటారు. 1.01ని 365 సార్లు హెచ్చవేస్తే 37.78 వస్తుంది, గుణకారంలో తప్పు లేదు. చక్రవడ్డీ సూత్రాన్ని తెచ్చి మనిషికి తగిలించడమే తప్పు. టైపింగ్ నేర్చుకునే వ్యక్తిని తీసుకోండి. నిమిషానికి 20 పదాల నుంచి 30కి చేరడానికి కొద్ది వారాలు చాలు. 70 నుంచి 80కి చేరడానికి నెలలు పడుతుంది. రెండుసార్లూ పెరిగింది పది పదాలే, ఖర్చయిన సాధన మాత్రం ఎన్నో రెట్లు ఎక్కువ. కొత్త భాషలోనైనా, వాయిద్యంలోనైనా, పరుగులోనైనా ఇదే వరస: మొదట్లో గబగబా, పోనుపోను నెమ్మదిగా. 37 రెట్ల ఆశతో దిగినవాళ్లకు రెండో నెల, మూడో నెల వచ్చేసరికి ఆ వేగం కనిపించదు. తమకు చేతకావడం లేదనుకుని మానేస్తారు. మనం ఆరంభశూరత్వం అని తీసిపారేసేది చాలావరకు ఇలాంటి తప్పుడు అంచనా వల్ల వచ్చిందే.

కూడిక మాత్రం నిజం. రోజుకు 15 నిమిషాలంటే ఏడాదికి 91 గంటలు. రోజుకు 10 పేజీలంటే 3,650 పేజీలు, అంటే 300 పేజీల పుస్తకాలు 12. ఇందులో మాయ ఏమీ లేదు, ఏ ఒక్క రోజూ అద్భుతం జరగనక్కర్లేదు. ఈ కూడికను ఏళ్ల తరబడి ఆగకుండా నడపడం ఒక పని. ఆ 91 గంటలు వృథా పోకుండా చూసుకోవడం ఇంకొక పని. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే చాలా గందరగోళం వస్తోంది. అందుకే ఈరోజు విడదీసి చెబుతాను.

వారమంతా ఊరుకుని ఆదివారం ఒకేసారి రెండు గంటలు కూర్చుంటే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన జ్ఞాపకశక్తి మీదే చేసుకున్న ప్రయోగాలను 1885లో ప్రచురించారు. అర్థం లేని అక్షరాల వరసలను బట్టీపట్టి, ఎన్నిసార్లు చదివితే ఎంత నిలిచిందో లెక్కవేశారు. ఒకే రోజు 68 సార్లు చదివితే మర్నాటికి వచ్చిన ఫలితం, మూడు రోజుల మీద పంచి 38 సార్లు చదివితేనే వచ్చింది. శ్రమ దాదాపు సగానికి తగ్గిపోయింది. మధ్యలో వచ్చే నిద్ర, కాస్త మరిచిపోయి మళ్లీ కష్టపడి గుర్తుచేసుకోవాల్సి రావడం, ఈ రెండూ జ్ఞాపకాన్ని గట్టిపరుస్తాయి. ఆదివారం సాధకులకు ఇవి దొరకవు. పైగా ఒక్క ఆదివారం తప్పిందంటే రెండు వారాల ఎడం పడుతుంది.

శరీరం విషయంలోనూ చిన్న మోతాదులు లెక్కకొస్తాయి. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఒక్కో విడత కనీసం పది నిమిషాలుండాలన్న పాత షరతును 2020 మార్గదర్శకాల్లో తీసేసింది. కాబట్టి నాలుగు నిమిషాలు చురుగ్గా నడిచినా ఆ మొత్తంలో కలుస్తుంది.

ఇక అలవాటు పడటానికి ఎన్నాళ్లు పడుతుంది? 21 రోజులన్న మాట బాగా పాకిపోయింది. 1960లో మ్యాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్, శస్త్రచికిత్స అయినవాళ్లు తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని రాశారు. చేతులు మారేకొద్దీ ‘కనీసం’ అన్న మాట జారిపోయింది, అది దేని గురించి అన్నారో అదీ జారిపోయింది. రోజువారీ అలవాట్లను నిజంగా కొలిచిన పరిశోధన లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం చేసింది, 2010లో అచ్చయింది. 96 మంది తలా ఒక చిన్న పని ఎంచుకున్నారు. ఒకరు భోజనంతో పాటు గ్లాసుడు నీళ్లు తాగడం, ఇంకొకరు కొంత వ్యాయామం, ఇలా. 12 వారాల పాటు రోజూ ఆ పని చేశారో లేదో, ఎంతవరకు ఆలోచన లేకుండా దానంతటదే జరిగిపోయిందో నమోదు చేశారు. పని ఆటోమేటిక్‌గా మారడానికి పట్టిన కాలం మధ్యస్థంగా 66 రోజులు. తక్కువలో తక్కువ 18, ఎక్కువలో ఎక్కువ 254. ఈ 254 కళ్లారా చూసింది కాదు. ప్రయోగం నడిచింది 84 రోజులే, మిగతాది అలవాటు రోజురోజుకూ బలపడే తీరును చూపే గ్రాఫును పొడిగించి వేసిన అంచనా. తినడం, తాగడం లాంటి పనులకంటే వ్యాయామానికి ఒకటిన్నర రెట్లు కాలం పట్టింది.

నాకు ఈ 66 కంటే ఆ గ్రాఫు ఆకారం ముఖ్యంగా కనిపిస్తుంది. తొలి రోజుల్లో ఒక్కోసారి చేసినప్పుడల్లా అలవాటు బాగా బలపడుతుంది. ఆ తర్వాత పెరుగుదల తగ్గుతూ వచ్చి ఒక చోట నిలిచిపోతుంది. అంటే మొదటి మూడు వారాల్లో తప్పకుండా చేయడం మిగతా కాలమంతటికంటే విలువైనది. పెళ్లో, ప్రయాణమో, పరీక్షలో ఎదురుగా ఉన్నప్పుడు కొత్త అలవాటు మొదలుపెట్టకండి. ముందు మూడు మామూలు వారాలు దొరికేలా చూసుకుని అప్పుడు దిగండి. అదే పరిశోధనలో తేలిన ఇంకొక సంగతి: మధ్యలో ఒక్క రోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడటానికి చెప్పుకోదగ్గ నష్టం జరగలేదు. ఒక రోజు పోయిందని మొత్తం పోయినట్టు బాధపడేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అలవాటు పడినప్పుడు మెదడులో ఏం జరుగుతుంది? అమెరికాలోని ఎంఐటీలో ఆన్ గ్రేబియెల్ బృందం ఎలుకలను ‘టి’ ఆకారపు దారిలో పరుగెత్తించి, మెదడు లోపలి స్ట్రయేటమ్ అనే భాగంలో నాడీకణాలు ఎప్పుడెప్పుడు స్పందిస్తున్నాయో రికార్డు చేసింది. కొత్తలో దారి పొడవునా స్పందన కనిపించింది. దారి అలవాటయ్యాక స్పందన మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి గుమిగూడింది, మధ్యలో తగ్గిపోయింది. పనంతా ఒక కట్టగా మారింది. మొదలుపెడితే చాలు, మిగతాది దానంతటదే నడుస్తుంది.

అలవాటు బలమంతా ఇందులోనే ఉంది, ప్రమాదమూ ఇందులోనే ఉంది. 2011లో డేవిడ్ నీల్, వెండీ వుడ్ బృందం సినిమా హాల్లో కొందరికి తాజా పాప్‌కార్న్, కొందరికి వారం రోజుల నాటి పాప్‌కార్న్ ఇచ్చింది. హాల్లో పాప్‌కార్న్ తినడం బాగా అలవాటున్నవాళ్లు నిలవదాన్ని కూడా తాజాదాన్ని తిన్నంతే తిన్నారు. రుచి బాగాలేదని వాళ్లే చెప్పారు, అయినా చెయ్యి ఆగలేదు. సమావేశ మందిరంలో కూర్చోబెట్టి ఇస్తే మాత్రం అలా తినలేదు. అలవాటు పడ్డ పనిలో ఏం జరుగుతోందో మనం గమనించం. గమనించని చోట నేర్చుకోవడం జరగదు.

అందుకే నేను పట్టుబట్టి చెప్పే మాట ఒక్కటే: మొదలుపెట్టడాన్ని అలవాటు చేసుకోండి, పనిని మాత్రం అలవాటుకు వదిలేయకండి. రోజూ బల్ల ముందు కూర్చోవడం ఆలోచన లేకుండా జరిగిపోవాలి. కూర్చున్నాక చేసేది మాత్రం పూర్తి శ్రద్ధతో, కాస్త కష్టంగా, నిన్నటికి భిన్నంగా ఉండాలి. అలిసన్ ఫిలిప్స్, బెంజమిన్ గార్డ్‌నర్ 2016లో వ్యాయామం మీద చేసిన అధ్యయనంలో ఈ రెండింటినీ విడివిడిగా కొలిచారు. ఎంత తరచుగా వ్యాయామం చేస్తారన్నది మొదలుపెట్టే అలవాటును బట్టి తేలింది. చేసే తీరు అలవాటుగా మారిందా లేదా అన్నది దాన్ని తేల్చలేదు. రోజూ అదే దారిలో అదే వేగంతో నడిచేవాళ్లు, అవే పది పాటలు పాడేవాళ్లు, ఏళ్లు గడిచినా ఉన్నచోటే ఉండటానికి కారణం ఇదే. వాళ్ల క్రమశిక్షణకు వంక పెట్టలేం. మొదటి సగం బ్రహ్మాండంగా చేశారు, రెండో సగం ఉందన్న సంగతే ఎవరూ చెప్పలేదు.

మొదటి సగాన్ని దగ్గరగా చూద్దాం. కొత్త భాష నేర్చుకోవడానికి రోజుకు 15 నిమిషాలు అనుకోండి.

ముందు కావాల్సింది ఒక సంకేతం. గడియారం కంటే మీరు ఇప్పటికే తప్పకుండా చేసే పని మంచి సంకేతం, ఎందుకంటే ఆరున్నర అయిందని గమనించాలంటే గడియారం చూడాలి, చేస్తున్న పని అయిపోయిందని ఎవరూ చెప్పనక్కర్లేదు. సంకేతాన్ని నాలుగు విధాలుగా పరీక్షించండి. రోజూ జరుగుతుందా? రోజుకు ఒక్కసారే జరుగుతుందా? ఎక్కడ ముగుస్తుందో ఖచ్చితంగా తెలుస్తుందా? ముగిసేసరికి మీ చేతులు ఖాళీగా ఉండి, పని చేయాల్సిన చోటుకు నాలుగడుగుల్లో ఉంటారా? ‘భోజనం అయ్యాక’ అనేది మూడో పరీక్షలో పోతుంది. భోజనం ఎప్పుడు అయినట్టు? చివరి ముద్దతోనా, కంచం కడిగాకనా, కబుర్లు అయ్యాకనా? ‘సాయంత్రం ఇంటికి రాగానే’ అనేది నాలుగో దాంట్లో పోతుంది, చేతిలో సంచులుంటాయి, ఇంట్లోవాళ్లు పలకరిస్తారు. ‘పొద్దున పళ్లు తోముకుని బ్రష్షు స్టాండులో పెట్టగానే’ అనేది నాలుగింటిలోనూ నెగ్గుతుంది.

సంకేతం దొరికాక ఒకే వాక్యంగా కాగితం మీద రాయండి: “పొద్దున బ్రష్షు స్టాండులో పెట్టగానే, కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని నోట్‌బుక్ తెరుస్తాను.” ఈ పద్ధతి మీద జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ చాలా కృషి చేశారు. ఆయన, పాస్కల్ షీరన్ కలిసి 2006లో 94 అధ్యయనాలను సమీక్షించారు. ‘ఫలానాది జరిగినప్పుడు ఫలానాది చేస్తాను’ అని ముందే తేల్చుకున్నవాళ్లు, చేయాలన్న కోరిక మాత్రమే ఉన్నవాళ్లకంటే బాగా ఎక్కువగా అనుకున్నది చేశారు. వాక్యం చివర ‘15 నిమిషాలు చదువుతాను’ అని రాయలేదు, చూడండి. ‘నోట్‌బుక్ తెరుస్తాను’ అని ఆపాం. అలవాటు కావాల్సింది అంతవరకే.

రాత్రి పడుకునే ముందు బల్ల సర్దిపెట్టండి. నోట్‌బుక్ మర్నాటి పేజీ దగ్గర తెరిచి బోర్లా పెట్టాలి, పెన్ను దాని మీద, కుర్చీ కాస్త వెనక్కి లాగి. ఫోన్ ఆ గదిలో ఉండకూడదు. డిక్షనరీ ఫోన్లోనే ఉంది కదా అంటారు. తెలియని మాటలన్నీ ఒక మూల రాసుకుని, 15 నిమిషాలు అయ్యాక ఒకేసారి చూసుకోండి. మాట కోసం ఫోన్ తీసిన చేతికి మెసేజ్ కనిపిస్తుంది, అక్కడితో ఆ పూట అయిపోతుంది.

మోతాదు దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. ఉత్సాహం నిండుగా ఉన్న మొదటి రోజున 45 నిమిషాలు చేస్తారు, అదే ప్రమాణం అయిపోతుంది. నాలుగో రోజు నిద్ర చాలదు, తలనొప్పి, 45 నిమిషాలు తలుచుకుంటేనే నీరసం వస్తుంది. ఆ రోజు సున్నా. కాబట్టి మొదటి రెండు వారాలు ఐదు నిమిషాలకు మించకండి. ఇంకా చేయాలనిపించినా లేవండి. మూడో వారం నుంచి ఆరో వారం దాకా పది నిమిషాలు, ఏడో వారం నుంచి పదిహేను. పెంచడానికి షరతు ఒకటే: గడిచిన 14 రోజుల్లో కనీసం 12 రోజులు చేసి ఉండాలి. పెంచాక ఒకే వారంలో రెండు రోజులు తప్పితే మళ్లీ పాత మోతాదుకు దిగండి. దీంతో పాటు ఒక కనీస మోతాదు పెట్టుకోండి: ఎంత చెడ్డ రోజైనా రెండు నిమిషాలు. జ్వరమొచ్చిన రోజు ఆ రెండు నిమిషాలూ అక్కర్లేదు. మిగతా ఏ రోజైనా రెండు నిమిషాలు చేయలేనంత పని ఉండదు. ఆ రెండు నిమిషాల్లో భాష ఏమీ రాదు, నిజమే. సంకేతానికి పనికి మధ్య ముడి తెగకుండా ఉంటుంది.

ఇప్పుడు రెండో సగం, నోట్‌బుక్ తెరిచాక జరగాల్సింది. 15 నిమిషాలను ఇలా విడగొట్టమంటాను. మొదటి మూడు నిమిషాలు పుస్తకం మూసి, నిన్న నేర్చుకున్నది చూడకుండా రాయండి. తర్వాతి పది నిమిషాలు కొత్తది, కష్టమైనది. చివరి రెండు నిమిషాల్లో ఈరోజు ఎక్కడ తడబడ్డారో ఒక్క ముక్కలో రాసి, రేపు మొదట చేయాల్సిన ప్రశ్న ఒకటి రాసిపెట్టండి. ఆ ప్రశ్న ఉంటే రేపు కూర్చోగానే ‘ఏం చేయాలి’ అని వెతుక్కోనక్కర్లేదు.

ఆ మొదటి మూడు నిమిషాలు ఎవరికీ నచ్చవు. సగం గుర్తురాదు, చిరాకేస్తుంది. తిరిగి చదువుకుంటే హాయిగా, అంతా వచ్చినట్టే ఉంటుంది. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ఈ రెండు పద్ధతులనూ పోల్చారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీమళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే తారుమారైంది: నాలుగు విడతలూ చదువుతూనే గడిపినవాళ్లకు 40 శాతం గుర్తుంది, ఒక్క విడత చదివి మూడు విడతలు చూడకుండా గుర్తుచేసుకున్నవాళ్లకు 61 శాతం. ఏడాది సాధనలో ఈ తేడా ఎంత పెరుగుతుందో మీరే ఊహించుకోండి.

కష్టం ఎంత ఉండాలి? పది ప్రయత్నాల్లో ఏడెనిమిది సరిగ్గా వస్తున్నాయంటే సరైన చోట ఉన్నారు. పదికి పదీ వస్తున్నాయంటే అది సాధన కాదు, ఒక మెట్టు ఎక్కే సమయం వచ్చింది. సగం తప్పుతున్నాయంటే పనిని ఇంకా చిన్న ముక్కలు చేయాలి. వ్యాయామంలో ఇది కొలవడం తేలిక. గోడకు చేతులు ఆనించి చేసే పుషప్‌లు ఆరుతో మొదలుపెట్టండి. రోజు మార్చి రోజు చేస్తూ, వీలైనప్పుడు ఒకటి కలుపుకుంటూ పన్నెండుకు చేరండి. వరసగా మూడుసార్లు పన్నెండు తేలిగ్గా వచ్చాక గోడ వదిలి కదలని బల్ల అంచుకు మారండి, సంఖ్య మళ్లీ ఆరుకు తగ్గించండి. అక్కడ పన్నెండయ్యాక ఇంకా ఎత్తు తక్కువ ఉన్నదానికి, చివరికి నేలకు. సంఖ్య ముప్పై దాకా పెంచుకుంటూ గోడ దగ్గరే ఉండిపోతే ఓపిక పెరుగుతుంది గానీ బలం అంతగా పెరగదు. మోకాలి మీదో భుజం మీదో నొప్పి ఉన్నవాళ్లు ముందు వైద్యుడి దగ్గరికి వెళ్లండి.

ఇంత చేసినా ఒక దశలో ఎదుగుదల ఆగిపోతుంది. 1897లో అమెరికాలో విలియం బ్రయన్, నోబుల్ హార్టర్ టెలిగ్రాఫ్ నేర్చుకునేవాళ్ల వేగాన్ని వారం వారం కొలిచారు. సందేశం పంపే వేగం సాఫీగా పెరిగింది. విని రాసుకునే వేగం ఒక చోట వారాల తరబడి ఆగిపోయి, తర్వాత మళ్లీ లేచింది. అక్షరం అక్షరంగా వినే దశ నుంచి పదాన్ని ఒకే ముక్కగా వినే దశకు మారడానికి ఆ కాలం పట్టిందని వాళ్ల వివరణ. అలాంటి ఆగుదల అందరిలోనూ కనిపించదని 1958లో ఫ్రెడ్ కెల్లర్ వాదించారు, అందులోనూ నిజముంది. మీ విషయంలో ఏది జరుగుతోందో తేల్చుకోవాలంటే మీ చివరి రెండు నిమిషాల నోట్సు తిరగేయండి. నెలనాళ్లుగా తప్పులు మారుతూ వస్తున్నాయంటే లోపల పని జరుగుతోంది, ఓపిక పట్టి కొనసాగించండి. అవే తప్పులు అదే చోట వస్తున్నాయంటే ఓపిక వల్ల లాభం లేదు, పద్ధతి మార్చాలి, తెలిసినవాళ్లకు చూపించుకోవాలి.

కొలత గురించి ఒక మాట. లక్ష్యం దిశగా ఎంత వచ్చామో గమనించుకోవడం మేలు చేస్తుందని, రాసిపెట్టుకుంటే ఇంకా మేలని 138 అధ్యయనాలను పరిశీలించిన 2016 నాటి సమీక్షలో తేలింది. అయితే రోజూ కొలవాల్సింది ఒకటి, నెలకోసారి కొలవాల్సింది ఇంకొకటి. రోజూ క్యాలెండర్ మీద ఒక టిక్కు, మొదలుపెట్టామా లేదా అన్నదానికే. నైపుణ్యాన్ని మాత్రం రోజూ కొలవకండి. నిద్ర, ఆకలి, మూడ్ వల్ల రోజుకూ రోజుకూ వచ్చే తేడా, ఒక్క రోజులో వచ్చే ఎదుగుదలకంటే చాలా పెద్దది. రోజూ కొలిస్తే ఆ ఎగుడుదిగుళ్లే కనిపించి మనసు విరిగిపోతుంది. నెలకోసారి, అదే పూట, అదే అంశం మీద రెండు నిమిషాలు ఆ భాషలో మాట్లాడి రికార్డు చేసి దాచండి. మూడు నెలల నాటిది, ఈనాటిది పక్కపక్కన పెట్టి వినండి.

వదిలించుకోవాల్సిన అలవాట్ల గురించి క్లుప్తంగానే చెబుతాను, సూత్రం అదే కాబట్టి. సంకేతాన్ని కనపడకుండా చేయండి, మొదలుపెట్టడాన్ని కష్టం చేయండి. పడుకునే ముందు ఫోన్ చూసే అలవాటుంటే ఛార్జర్‌ను పక్క గదిలోకి మార్చి, మామూలు అలారం గడియారం తెచ్చుకోండి. అలారం ఫోన్లోనే ఉంటే ఫోన్ మళ్లీ మంచం పక్కకే వస్తుంది. పాప్‌కార్న్ ప్రయోగంలోనే, అలవాటు లేని చేత్తో తినమంటే నిలవ పాప్‌కార్న్ తినడం తగ్గిపోయింది. అంత చిన్న అడ్డం కూడా పనిచేస్తుంది. ఇల్లు మారినవాళ్లకు ఇంకొక అవకాశం ఉంటుంది. బాస్ వెర్‌ప్లాంకెన్, డెబొరా రాయ్ 2016లో వెల్లడించినదాని ప్రకారం, కొత్త ఇంటికి మారిన మొదటి మూడు నెలల్లో అలవాట్లు మార్చే ప్రయత్నాలు ఎక్కువగా ఫలించాయి. పాత సంకేతాలన్నీ పాత ఇంట్లోనే ఉండిపోతాయి గనక.

ఇక మీ ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: సార్, ఒకేసారి ఎన్ని అలవాట్లు మొదలుపెట్టొచ్చు?

జవాబు: ఒకటి. మొదటిది ఆరు వారాలు నిలబడ్డాక రెండోది, దానికి వేరే సంకేతం, వేరే పూట. చాలామంది పొద్దున లేవగానే ధ్యానం, దాని వెనకే వ్యాయామం, దాని వెనకే చదువు అని గొలుసు కడతారు. పది నిమిషాలు ఆలస్యంగా లేచిన రోజున మొదటిది పోతుంది, దాంతో మిగతా రెండూ పోతాయి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఉంటే ఒకటి తప్పినా రెండోది నిలుస్తుంది.

ప్రశ్న: నాది షిఫ్టుల ఉద్యోగమండీ. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. రోజూ ఒకే వేళకు చేయమంటే కుదరదు.

జవాబు: ఒకే వేళ అక్కర్లేదండీ, ఒకే సంకేతం ఉంటే చాలు. ఏ వేళ నిద్ర లేచినా బ్రష్షు స్టాండులోకి వెళ్తుంది కదా. దానికి తోడు ప్రత్యామ్నాయం కూడా ముందే రాసుకోండి: “నిద్ర లేవగానే కుదరకపోతే, ఉద్యోగం నుంచి వచ్చి బూట్లు విప్పగానే రెండు నిమిషాలు.” 2021లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఒక పెద్ద సంస్థ ఉద్యోగులకు జిమ్‌కు వెళ్తే డబ్బిచ్చారు. కొందరికి తాము ముందే చెప్పిన వేళకు వెళ్తేనే డబ్బు, కొందరికి ఎప్పుడు వెళ్లినా డబ్బు. డబ్బివ్వడం ఆపేశాక ఎక్కువగా కొనసాగింది ఎప్పుడైనా వెళ్లొచ్చన్నవాళ్లే. మొదటి గుంపువాళ్లు ఆ వేళ దాటితే ఆ రోజుకు వెళ్లడమే మానేశారు. కాబట్టి అసలు ప్రణాళిక ఒకటి, తప్పితే ఏం చేయాలన్నది ఒకటి, రెండూ ఉండాలి.

ప్రశ్న: మా పాపకు ఆరేళ్లండీ. రోజూ బొమ్మలు వేస్తే చాక్లెట్ ఇస్తానంటున్నాను. మంచిదేనా?

జవాబు: పాపకు బొమ్మలు వేయడం ముందునుంచీ ఇష్టమేనా? ఇష్టమైతే ఇవ్వకండమ్మా. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్‌బెట్ సరిగ్గా ఇదే పరీక్షించారు, బొమ్మలంటే ఇష్టమున్న నర్సరీ పిల్లల మీద. బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి ఇచ్చిన పిల్లలు, ఒకటి రెండు వారాల తర్వాత ఖాళీ సమయంలో బొమ్మలు వేయడం మిగతా పిల్లల్లో సగానికి తగ్గిపోయింది. ముందు చెప్పకుండా ఇచ్చిన పిల్లల్లో అలా తగ్గలేదు. కాగితాలు, రంగులు పాప చేతికందే ఎత్తులో పెట్టండి. వేసిన బొమ్మ దగ్గర కూర్చుని ఇదేంటి, ఇక్కడ ఈ రంగెందుకు వేశావని అడగండి. అసలు ఇష్టం లేని పనికైతే, ఉదాహరణకు బొమ్మలు సర్దడానికి, కొన్నాళ్లు చిన్న బహుమతి ఇచ్చినా ఫరవాలేదు.

ప్రశ్న: నేను ఎనిమిది నెలలు రోజూ వయొలిన్ సాధన చేశానండీ. ఇంట్లో అనారోగ్యం వల్ల మూడు నెలలు ఆగిపోయింది. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలా?

జవాబు: నైపుణ్యం అంతగా పోయి ఉండదు. మరిచిపోయామనుకున్నది కూడా రెండోసారి చాలా తక్కువ శ్రమతో తిరిగి వస్తుందని ఎబ్బింగ్‌హాసే చూపించారు. మీకు తెగిపోయింది మొదలుపెట్టే అలవాటు. అందుకని ఆ రెండింటినీ విడివిడిగా చూడండి. వాయిద్యాన్ని పెట్టెలోంచి తీసి కనిపించే చోట పెట్టి, సంకేతం వాక్యం కొత్తగా రాసుకుని, మొదటి రెండు వారాలు రోజుకు ఐదు నిమిషాలే వాయించండి. ఆగిపోయిన నాటి కష్టమైన పాఠంతో మొదలుపెట్టకండి, పాత స్థాయితో పోల్చుకుని దిగులుపడతారు. అంతకు రెండు మూడు నెలల ముందు పాఠాలు తీసుకోండి. వేళ్ల కొసలు మెత్తబడి ఉంటాయి, తీగ కోసుకుంటుంది. సాధన సాగేకొద్దీ మళ్లీ గట్టిపడతాయి. మూడో వారంలో పది నిమిషాలకు పెంచి, అప్పుడు ఆగిన పాఠం తెరవండి.